ఆగిన పౌరసత్వ దరఖాస్తు: ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడం

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నవారు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న "మీకు ఎన్నాళ్ళు పట్టింది?" అన్నదే. నేనూ చాలామందిని ఆ ప్రశ్న అడిగాను, నన్నూ చాలామంది అడిగారు. నా దరఖాస్తు మామూలు గడువు దాటిపోయి, ఆ తరువాత కూడా చాలాకాలం కదలకుండా ఉండి, చివరికి పరిష్కారమైంది. ఆ అనుభవంతో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, ఒకరికి ఎన్నాళ్ళు పట్టిందన్న సమాచారం మరొకరికి దాదాపు ఎందుకూ పనికిరాదు. తెలుసుకోవలసింది ఫైలు ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో, దేనికోసం ఆగి ఉందో. ఆ రెండూ తెలిసిన రోజున ఏం చేయాలో తోస్తుంది. అంతవరకూ చేసే ప్రయత్నమంతా చీకట్లో వెతుకులాటే అవుతుంది.

నా దరఖాస్తు ఏ దేశంలో, ఏ కార్యాలయంలో నడిచిందో ఇక్కడ రాయడం లేదు. అమెరికా, కెనడా, బ్రిటన్, జర్మనీలలో ఉన్న మిత్రులూ బంధువులూ ఇదే దశను దాటారు. వారి కాగితాలు వారితో కలిసి చదివినప్పుడు, చట్టాలు ఎంత వేరైనా ఫైళ్ళు ఆగే చోట్లు మాత్రం చాలావరకు ఒకటేనని గమనించాను. కాబట్టి నా ఒక్కరి కథ చెప్పడం కంటే, ఆ చోట్లు ఏవో, ఒక్కొక్క చోట ఆగినప్పుడు దరఖాస్తుదారు చేతిలో ఏముంటుందో వివరించడమే ఉపయోగమని అనుకుంటున్నాను. నేను న్యాయవాదిని కాను. చట్టాల గురించి రాసినవన్నీ సొంతంగా చదివి, తెలిసినవారిని అడిగి సరిచూసుకున్నవి.

ముందుగా, కార్యాలయాలు ప్రకటించే గడువుల విషయం. వెబ్‌సైటులో "ఇన్ని నెలలు" అని కనిపించగానే మనం దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుంటాం. నిజానికి అది గతాన్ని గురించిన లెక్క. అమెరికాలో ఇమిగ్రేషన్ శాఖ ప్రకటించే సమయం, ఇటీవలి ఆరు నెలల్లో పూర్తయిన దరఖాస్తుల్లో 80 శాతం ఎంత కాలంలో పూర్తయ్యాయో చెబుతుంది. అంటే ఐదుగురిలో ఒకరి దరఖాస్తు ఆ సమయాన్ని దాటడం ఆ లెక్కలోనే ఇమిడి ఉంది. పైగా ఇంకా పెండింగులో ఉన్న దరఖాస్తులు అందులోకి రానే రావు. బ్రిటన్‌లో సాధారణంగా ఆరు నెలల్లో నిర్ణయం వస్తుందని చెబుతారు, కాని అందులోనూ "సాధారణంగా" అన్న మాట ఉంది. ఈ సంగతి తెలియక, గడువు దాటిన మర్నాటి నుంచే నిద్ర పోగొట్టుకున్నవారిని చూశాను. గడువు దాటడం వల్ల దరఖాస్తులో లోపం ఉందని అర్థం కాదు. గడువు దాటాక విచారించే హక్కు దరఖాస్తుదారుకు వస్తుంది, అంతవరకే దాని ప్రయోజనం.

ఫైలు మొట్టమొదట ఆగే చోటు కాగితాల పరిశీలన. ఇక్కడ ఆగిన ఫైలును కదిలించడం కొంత తేలిక, ఎందుకంటే ఏం కావాలో వాళ్ళే అడుగుతారు. పేర్ల తేడాలు ఇక్కడే బయటపడతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉండి, పుట్టిన తేదీ ధ్రువపత్రంలో అసలు పేరే లేకుండా తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటే, ఈ మూడూ ఒకే మనిషివని మనకు తెలిసినంత సహజంగా అధికారికి తెలియదు. ఈ తేడాలన్నీ ఒకే పేజీలో వివరించి, అవసరమైన అఫిడవిట్‌ను దరఖాస్తుతోనే జతచేయడం మంచిది. అడిగాక పంపితే ఆ కాగితం వచ్చి ఫైలులో చేరడానికే ఎంతో కాలం పోతుంది.

ప్రయాణాల వివరాలూ అంతే. పాస్‌పోర్టు పేజీల మీది ముద్రలు సగం చెరిగిపోయి ఉంటాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. 06/07 అని ఉన్న ముద్ర ఒక దేశపు పద్ధతిలో జూన్ 7, మరో దేశపు పద్ధతిలో జూలై 6 అవుతుంది. నేను భూతద్దం పెట్టుకుని ఆ ముద్రలు చదివి, విమాన టికెట్ల ఈమెయిళ్ళతో సరిపోల్చుకుని, ప్రతి ప్రయాణానికీ వెళ్ళిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ఆధారం అని మూడు గడులతో పట్టిక రాసుకున్నాను. కెనడాలో దరఖాస్తుకు ముందరి ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉండాలి. బ్రిటన్‌లో ఐదేళ్ళ మార్గంలో దరఖాస్తు పెట్టేవారు ఆ కాలంలో దేశం బయట గడిపిన రోజులు సాధారణంగా 450 మించకూడదు. అంతేకాక, దరఖాస్తు అందిన తేదీకి సరిగ్గా ఐదేళ్ళ వెనుక రోజున కూడా ఆ దేశంలోనే ఉండి ఉండాలి. రోజుల లెక్క మీద ఇంతగా ఆధారపడిన చోట మన పట్టికకూ సరిహద్దు రికార్డులకూ తేడా వస్తే, ఫైలు పక్కకు వెళ్ళిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం తినేది, అందరినీ ఎక్కువగా వేధించేది నేపథ్య పరిశీలన. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ దరఖాస్తు ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. వేలిముద్రల పరిశీలన యంత్రం మీద జరుగుతుంది కాబట్టి త్వరగా తేలిపోతుంది. పేరు పరిశీలన అలా కాదు. అమెరికాలో దరఖాస్తుదారు పేరును ఎఫ్‌బీఐ తన ఫైళ్ళలో వెతుకుతుంది. నేరం చేసినవారి పేర్లతో పాటు, ఏదో ఒక దర్యాప్తులో సాక్షిగానో, ప్రస్తావనగానో వచ్చిన పేర్లు కూడా ఆ వెతుకులాటలో తగులుతాయి. పేరు సాధారణమైనదైతే, అదే పేరున్న మరెవరి కాగితమో పైకి వస్తుంది. ఆ కాగితం కంప్యూటరులో లేకుండా ఏదో ఊళ్ళోని కార్యాలయపు అరలో ఉంటే, ఒక మనిషి వెళ్ళి దాన్ని తీసి, చదివి, ఇది వేరే వ్యక్తిదని రాసేవరకు దరఖాస్తు అలాగే ఉండిపోతుంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ఈ పరిశీలన పరిధిని పెంచారు. 2002 డిసెంబరు, 2003 జనవరి నెలల్లో ఇమిగ్రేషన్ శాఖ 27 లక్షల పేర్లను ఎఫ్‌బీఐకి మళ్ళీ పరిశీలనకు పంపింది. ఆ రాశి తరగడానికి ఏళ్ళు పట్టింది. ఇంటర్వ్యూ పూర్తి చేసుకుని, పరీక్షలో ఉత్తీర్ణులై, ప్రమాణ స్వీకారం కోసం ఎదురుచూస్తూ రెండేళ్ళు, మూడేళ్ళు గడిపినవారు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు.

ఆ తరువాత జరిగినదాన్ని ఈ విషయం మీద ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలని నా కోరిక. అమెరికా చట్టంలో, ఎనిమిదవ టైటిల్ 1447(బి) అనే సెక్షను ప్రకారం, పౌరసత్వ ఇంటర్వ్యూ జరిగిన తరువాత 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే దరఖాస్తుదారు ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళవచ్చు. కోర్టు తానే నిర్ణయం తీసుకోవచ్చు, లేదా తగిన ఆదేశాలతో ఫైలును తిరిగి శాఖకు పంపవచ్చు. పేరు పరిశీలన పూర్తికాకముందే ఇంటర్వ్యూలు జరుగుతున్నందువల్ల ఎందరికో ఈ 120 రోజులు దాటిపోయాయి, వ్యాజ్యాలు పెరిగాయి. దాంతో 2006లో శాఖ తన పద్ధతి మార్చుకుని, పరిశీలన పూర్తయ్యేదాకా అసలు ఇంటర్వ్యూకే పిలవడం మానేసింది. పరిశీలనకు పట్టే కాలం తగ్గలేదు, ఫైళ్ళు ఆగే చోటు మాత్రం ఇంటర్వ్యూకు ఇవతలికి జరిగింది. చట్టం లెక్కపెట్టే రోజులు ఇంటర్వ్యూ నుంచి మొదలవుతాయి కాబట్టి, అలా ఆగినవారికి ఆ సెక్షను అందకుండా పోయింది. ఒక దరఖాస్తుకు ఎన్నాళ్ళు పట్టిందన్న అంకెలో ఇదేదీ కనిపించదు.

ఇంటర్వ్యూకు ముందే ఆగినవారికి అక్కడ దారి లేకపోలేదు. పాలనా శాఖలు తమ ముందున్న పనిని సమంజసమైన కాలంలో ముగించాలని 1946 నాటి పరిపాలనా విధానాల చట్టం చెబుతుంది. అసమంజసంగా ఆలస్యమైన పనిని చేయించే అధికారం కోర్టులకు ఇస్తుంది. కానీ ఇక్కడ 120 వంటి అంకె ఏదీ లేదు కనుక, ఏది అసమంజసమో కోర్టును ఒప్పించవలసిన భారం మన మీద పడుతుంది.

నా ఫైలు విషయానికి వస్తే, అది ఎక్కడ ఆగిందో నాకు తెలిసింది సమాచార హక్కు చట్టం ద్వారానే. స్టేటస్ పేజీలో నెలల తరబడి "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది" అన్న ఒకే వాక్యం ఉండేది. ఫోను చేస్తే, తీసినవారు కూడా అదే పేజీని తెరిచి అదే వాక్యాన్ని చదివి వినిపించేవారు. విసిగి, నా ఫైలు నకలు ఇవ్వమని రాతపూర్వకంగా కోరాను. వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం నేను పంపినవే. చివర్లో, ఫైలు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి మారిన వివరాల పట్టిక ఉంది. అందులో ఒక వరుసలో పంపిన తేదీ ఉంది. పక్క గడిలో, అందినట్టు తేదీ వేయవలసిన చోట, ఏమీ లేదు. నేను ఇల్లు మారినప్పుడు ఫైలును కొత్త చిరునామా పరిధిలోని కార్యాలయానికి పంపారు, అది అందినట్టు అక్కడ ఎవరూ నమోదు చేయలేదు. పంపినవారి దృష్టిలో అది వెళ్ళిపోయింది, అందుకోవలసినవారి దృష్టిలో ఇంకా రాలేదు. ఆ ఖాళీ గడిని చూసినప్పుడు నాకు కోపం కంటే ముందు ఊరట కలిగింది, ఎందుకంటే నా మీద ఏ అనుమానమూ లేదని మొదటిసారిగా తెలిసింది.

ఈ హక్కు చాలా దేశాల్లో ఉంది, దాన్ని వాడుకునేవారే తక్కువ. అమెరికాలో సమాచార స్వేచ్ఛా చట్టం 1966 నాటిది. కెనడాలో సమాచార అందుబాటు చట్టం 1983లో అమల్లోకి వచ్చింది. ఐదు డాలర్ల రుసుముతో, ఫైలు మీద అధికారులు కంప్యూటరులో రాసుకున్న నోట్స్‌తో సహా కోరవచ్చు. అక్కడి మనవాళ్ళు వాటిని జీసీఎంఎస్ నోట్స్ అంటారు. బ్రిటన్‌లో 2018 నాటి డేటా రక్షణ చట్టం కింద, మన గురించి ఒక సంస్థ దగ్గర ఉన్న సమాచారాన్ని కోరితే సాధారణంగా నెల రోజుల్లో ఇవ్వాలి. భద్రతా సంస్థలకు సంబంధించిన భాగాలను నల్లగీతలతో కొట్టేసి ఇస్తారు. అయినా ఏ పేజీల్లో ఆ గీతలున్నాయన్నది కూడా ఒక సమాచారమే. ఫైలు ఏ దశలో ఆగిందో చాలాసార్లు దాన్నిబట్టే అర్థమవుతుంది.

ఫైలు నకలు చేతికొచ్చాక రాసే ఉత్తరం, అంతకుముందు రాసే ఉత్తరాల వంటిది కాదు. నా పాత ఉత్తరాల్లో ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నానో, ఎంత ఇబ్బంది పడుతున్నానో రాశాను, అవన్నీ నిజమే. జవాబుగా ప్రతిసారీ ఒకే నమూనా లేఖ వచ్చింది. నకలు వచ్చాక రాసిన ఉత్తరం అర పేజీ మాత్రమే: పైన దరఖాస్తు సంఖ్య, కింద ఫైలు బదిలీ అయిన తేదీ, అందినట్టు నమోదు లేదన్న సంగతి, ఆ పేజీ నకలు, "ఈ ఫైలు ప్రస్తుతం మీ కార్యాలయంలో ఉందా లేదా, దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి" అన్న ఒక్క అభ్యర్థన. అవును, కాదు అని తప్ప మరో జవాబుకు తావు లేని ప్రశ్న అది. దానికి జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు లేచి వెళ్ళి ఫైలు వెతకక తప్పదు. ఉత్తరంలో ప్రశ్నలు పెరిగేకొద్దీ అధికారి వాటిలో తేలికైన దానికి జవాబు రాసి ముగించే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఒక ఉత్తరానికి ఒకే ప్రశ్న అన్న నియమాన్ని నేను అందరికీ చెబుతుంటాను.

ప్రజాప్రతినిధుల సాయం తీసుకోవడానికి మనవాళ్ళు చాలామంది మొహమాటపడతారు. సిఫారసు చేయించుకుంటున్నట్టు అవుతుందని భావిస్తారు. అమెరికాలో కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల్లో ఇలాంటి విచారణల కోసమే సిబ్బంది ఉంటారు. వ్యక్తిగత సమాచారం వారికి చెప్పడానికి సమ్మతిస్తూ ఒక పత్రం మీద సంతకం చేస్తే, వారు శాఖకు రాసి జవాబు తెప్పిస్తారు. బ్రిటన్‌లో, కెనడాలో ఎంపీల కార్యాలయాలు ఇదే పని చేస్తాయి. పౌరులు కానివారికీ, అంటే ఓటు లేనివారికీ, తమ నియోజకవర్గంలో నివసిస్తే చాలు, ఈ సాయం చేస్తారు. నిర్ణయాన్ని మార్చే అధికారం వారికి లేదు. వారి విచారణకు జవాబు ఇవ్వవలసినవారు ఫైలు తెరవాలి, అది చాలు.

ఆలస్యం వల్ల ఏం పోతుందో బయటివారికి తెలియదు. "ఎలాగూ అక్కడే ఉంటున్నారు, ఉద్యోగమూ ఉంది, ఈ కాగితం ఓ ఏడాది ఆలస్యమైతే ఏమవుతుంది?" అని అడుగుతారు. చాలా అవుతుంది. ఊళ్ళో అమ్మకో నాన్నకో బాగులేదని కబురు వస్తే వెళ్ళి వారి దగ్గర ఎక్కువకాలం ఉండలేం; అమెరికాలో ఒకేసారి ఆరు నెలలు మించి బయట ఉంటే నిరంతర నివాసం తెగిపోయిందని ముందే అనుకుంటారు, కాదని నిరూపించుకోవలసింది మనమే, ఏడాది దాటితే ఆ అవకాశమూ ఉండదు. దరఖాస్తు పెట్టిన నాటితో ఈ నియమం ఆగదు, పౌరసత్వం చేతికి వచ్చేవరకు వర్తిస్తుంది. కాబట్టి ఆలస్యం ఎంత సాగితే ఈ కట్టుబాటు అంత సాగుతుంది. శాఖ చేసే ఆలస్యానికి శాఖ నుంచి ఏ మూల్యమూ ఉండదు, దరఖాస్తుదారు ప్రయాణాలు మాత్రం లెక్కలోకి వస్తూనే ఉంటాయి. ఇది అన్యాయమని నేను నమ్ముతాను.

ఇంతకంటే బాధ కలిగించేది పిల్లల విషయం. 2000 సంవత్సరపు బాలల పౌరసత్వ చట్టం ప్రకారం, అమెరికాలో శాశ్వత నివాసం ఉన్న బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణలో అక్కడ నివసిస్తూ పద్దెనిమిదేళ్ళలోపు ఉన్నప్పుడు, తల్లి గాని తండ్రి గాని పౌరసత్వం పొందితే ఆ బిడ్డకూ అదే క్షణాన పౌరసత్వం వస్తుంది. వేరే దరఖాస్తు, పరీక్ష, ఇంటర్వ్యూ ఏవీ లేకుండా చట్టమే ఇచ్చేస్తుంది. బిడ్డకు పద్దెనిమిది నిండాక ఒక్క రోజు తరువాత ప్రమాణం జరిగినా ఆ హక్కు ఉండదు. ఆ బిడ్డ తానే అన్ని అర్హతలూ సంపాదించుకుని వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆలస్యం శాఖ వల్ల జరిగినా లెక్క మారదు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో కూతురికి పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గరపడుతుండగా తండ్రి ఇంటర్వ్యూ అయిపోయి, ప్రమాణ స్వీకారం తేదీ రాకుండా ఆగింది. వారు ఆ పుట్టినరోజు తేదీని ఉత్తరం మొదటి వాక్యంలోనే రాసి, అమ్మాయి పుట్టిన ధ్రువపత్రాన్ని జతచేసి, ఫలానా తేదీలోగా ప్రమాణం చేయించకపోతే జరిగే నష్టాన్ని తిరిగి సరిచేయడం కుదరదని వివరించారు; కాంగ్రెస్ సభ్యుని కార్యాలయం ద్వారా కూడా అదే పంపారు. సమయానికి పని జరిగింది. పద్దెనిమిదికి దగ్గరపడుతున్న పిల్లలున్నవారు, ఆలస్యం మొదలయ్యేదాకా ఆగకుండా, దరఖాస్తు పెట్టే రోజునే ఈ తేదీని ప్రత్యేకంగా రాయాలని నా విన్నపం.

ఒక సౌకర్యం గురించి కూడా చెప్పాలి. 2022 డిసెంబరు నుంచి అమెరికాలో పౌరసత్వ దరఖాస్తు రసీదు గ్రీన్ కార్డు గడువును దానంతటదే 24 నెలలు పొడిగిస్తుంది. కాలం చెల్లిన కార్డూ ఆ రసీదూ కలిపి చూపిస్తే ఉద్యోగానికీ ప్రయాణానికీ చెల్లుతాయి. అంతకుముందు, పౌరసత్వం రాబోతున్నా కార్డును వేరే రుసుము కట్టి మళ్ళీ తీసుకోవలసి వచ్చేది.

ఇక కోర్టు సంగతి. కోర్టుకు వెళితే అధికారులు కక్షగట్టి తిరస్కరిస్తారన్న భయం మనవారిలో చాలా బలంగా ఉంది. ఈ భయానికి ఆధారం నాకు కనిపించలేదు. కోర్టుకు వెళ్ళిన ఫైలును అప్పటినుంచి ప్రభుత్వ న్యాయవాది కూడా చూస్తారు. నిష్కారణంగా తిరస్కరిస్తే దాన్ని న్యాయమూర్తి ముందు సమర్థించుకోవలసింది వారే. జర్మనీలో అయితే ఇది చట్టంలోనే మామూలు మార్గంగా ఉంది. దరఖాస్తు పెట్టి మూడు నెలలు గడిచినా తగిన కారణం లేకుండా నిర్ణయం రాకపోతే, పరిపాలనా న్యాయస్థానాల చట్టం 75వ సెక్షను కింద నిష్క్రియత మీద దావా వేయవచ్చు. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం అక్కడ నివాస కాలాన్ని ఎనిమిదేళ్ళ నుంచి ఐదేళ్ళకు తగ్గించింది, పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతునూ తొలగించింది. సహజంగానే దరఖాస్తులు పోటెత్తాయి. ఆ 75వ సెక్షను గురించి అక్కడి మిత్రుల మాటల్లో ఇప్పుడు తరచుగా వింటున్నాను.

కెనడాలో ఈ విషయానికి ఆధారంగా చూపే తీర్పు కోనీల్ కేసు. అది కూడా భద్రతా పరిశీలన పేరుతో ఏళ్ళ తరబడి ఆగిన పౌరసత్వ దరఖాస్తే. ఆలస్యం అసమంజసమని తేల్చడానికి ఆ తీర్పు మూడు ప్రశ్నలు వేసింది: ఆ పని స్వభావానికి మామూలుగా పట్టే కాలం కంటే ఎక్కువ పట్టిందా, దానికి దరఖాస్తుదారు గాని వారి న్యాయవాది గాని కారణం కాదా, శాఖ సంతృప్తికరమైన వివరణ ఇవ్వలేకపోయిందా. పరిశీలన ఇంకా జరుగుతోందని ఊరికే అనడం వివరణ కాదని ఆ తరువాతి తీర్పులు పదేపదే చెప్పాయి. 2014లో పౌరసత్వ చట్టానికి చేర్చిన 13.1 సెక్షను, అవసరమైన సమాచారం కోసం దరఖాస్తును పక్కన పెట్టే అధికారం మంత్రికి ఇచ్చింది కాబట్టి, ఇప్పుడు దాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని వాదించాలి. నేను ఉండే దేశం ఏదైనా ఆ మూడు ప్రశ్నలనే నా ఫైలుకు వేసి చూసుకున్నాను. ముఖ్యంగా రెండవ ప్రశ్న కోసం, వారు అడిగిన ప్రతి కాగితం ఏ తేదీన అడిగారో, ఏ తేదీన పంపానో, అందినట్టు రసీదు ఎక్కడుందో చూపగలగాలి. ఆ రికార్డు మొదటి రోజు నుంచే రాసుకుంటూ పోతే సులువు, అవసరం వచ్చాక కూర్చుకోవాలంటే చాలా కష్టం.

అయినా ప్రతి ఒక్కరినీ కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. దావా అనుకూలమైన నిర్ణయాన్ని తెచ్చిపెట్టదు, ఏదో ఒక నిర్ణయాన్ని మాత్రమే తెస్తుంది. పాత అరెస్టు, పన్నుల బాకీ, సుదీర్ఘ విదేశీ ప్రయాణం వంటిది ఏదైనా ఫైలులో ఉన్నవారు, ఆ విషయాన్ని ముందు న్యాయవాదితో కూలంకషంగా చర్చించకుండా నిర్ణయం కోసం తొందర పెట్టడం ప్రమాదకరం. అలాంటిదేమీ లేక, విచారణలకు జవాబు రాక, ఫైలు నకలులో కూడా కారణం కనిపించనివారు వెనుకాడనక్కరలేదు. చాలా వ్యాజ్యాలు తీర్పు దాకా వెళ్ళకుండానే ముగుస్తాయి. ప్రభుత్వ న్యాయవాది జవాబు దాఖలు చేయవలసిన గడువు లోపల శాఖ నిర్ణయం తీసుకుని, కేసు అవసరం లేదని చెబుతుంది. అంటే ఆ పని అన్నాళ్ళూ చేయదగినదే.

ఆమోదం వచ్చిన తరువాత కూడా కొంత జాగ్రత్త కావాలి. చాలా దేశాల్లో ఆమోదపు ఉత్తరంతో పౌరసత్వం రాదు, ప్రమాణంతో వస్తుంది. అమెరికాలో ప్రమాణ స్వీకారానికి వచ్చేటప్పుడు, ఇంటర్వ్యూ తరువాత ప్రయాణాలు చేశారా, అరెస్టయ్యారా, పెళ్ళి గాని విడాకులు గాని జరిగాయా అని మరో పత్రంలో అడుగుతారు. బ్రిటన్‌లో ఆహ్వానం అందిన మూడు నెలల్లోగా ఆ కార్యక్రమానికి హాజరు కావాలి. ఆమోదం వచ్చిందని అమెరికాలో ప్రమాణానికి ముందే ఓటరుగా నమోదు చేసుకోవడం వంటివి చేస్తే పెద్ద చిక్కులు వస్తాయి.

మన పాస్‌పోర్టు ఉన్నవారికి ఇంకొక విషయం. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పొందిన క్షణంలో భారత పౌరసత్వం పోతుంది. అందువల్ల దరఖాస్తు ఎంత ఆలస్యమైనా, ప్రమాణం జరిగేదాకా భారత పాస్‌పోర్టును గడువు తీరకుండా చూసుకోవాలి. "ఎలాగూ మారబోతోంది" అని వదిలేస్తే మధ్యలో అత్యవసరంగా ప్రయాణం చేయవలసి వచ్చినప్పుడు చేతిలో చెల్లే కాగితం ఉండదు. ప్రమాణం జరిగాక అదే పాస్‌పోర్టు మీద ప్రయాణించడం నేరమవుతుంది. కొత్త పాస్‌పోర్టు, పాతదాన్ని అప్పగించినట్టు ధ్రువపత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చేది) లేదా వీసా, ఈ వరుసలో పనులు జరగాలి, ప్రతిదానికీ మళ్ళీ దాని గడువు దానికుంటుంది. ప్రమాణం అయిన వారం రోజులకే విమాన టికెట్లు కొనుక్కున్నవారిని చూశాను. ప్రమాణానికీ స్వదేశ ప్రయాణానికీ మధ్య కొన్ని నెలల వ్యవధి ఉంచుకుని, ప్రమాణం రోజున ఇచ్చే ధ్రువపత్రంలో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే, ఆ హాలులోంచి బయటకు రాకముందే చూసుకోండి. తప్పుంటే అక్కడి అధికారికి అప్పుడే చూపించడం, తరువాత సవరణకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడం కంటే ఎన్నో రెట్లు సులువు.